బైకుకు ఎల్‌ఈడీ ఫాగ్ లైట్లు: వైరింగు, బిగింపు, గురి

సంక్రాంతికి ముందూ వెనకా పల్లె రోడ్ల మీద రాత్రిపూట బండి నడిపేవాళ్లను భయపెట్టేది ఎదురుగా వచ్చే లారీ కాదు. వెనక ఒక్క రిఫ్లెక్టరు కూడా లేకుండా ధాన్యం బస్తాలతో పోయే ట్రాక్టరు ట్రక్కు, రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, ఆ వడ్ల చుట్టూ హద్దుగా పేర్చిన రాళ్లు, చీకట్లో కలిసిపోయే గేదెలు. 100, 125 సీసీ బళ్లలో ఎక్కువగా వచ్చే 35/35 వాట్ల హాలోజన్ బల్బు డిప్‌లో ఉంటే నడిమధ్య కాస్త రోడ్డు చూపిస్తుంది, మార్జిన్లు మాత్రం చూపించదు. ఆ మార్జిన్లు కనపడటం కోసమే కింద రెండు లైట్లు కావాలి.

లైటు కొనడం పది నిమిషాల పని. దానికి కరెంటు సరిగ్గా ఇవ్వడం, ఎదుటివాడి కళ్లలో పడకుండా గురి పెట్టడం, ఈ రెండింటికే ఒక పూట పడుతుంది. చాలామంది మొదటి దానికి డబ్బులు పోసి మిగతా రెండూ షాపువాడికి వదిలేస్తారు. అందుకే ఆరు నెలలకు స్విచ్చి కాలిపోయిన బళ్లు, ఊరందరి కళ్లూ పోగొట్టే బళ్లు అన్ని కనపడుతున్నాయి.

ఏ లైటు

అట్ట డబ్బా మీద 120 వాట్లు అని రాసి ఉంటే నమ్మకండి. అరచేతిలో పట్టే అల్యూమినియం బాడీ అంత వేడిని బయటికి పంపలేదు. అసలు లెక్క తెలియాలంటే మల్టీమీటరును 10 ఆంపియర్ల రేంజిలో పెట్టి, దాని ఎర్ర వైరును 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి, లైటు పాజిటివ్ వైరుకూ బ్యాటరీ పాజిటివ్‌కూ మధ్య కలపాలి. 1.5 ఆంపియర్లు చూపిస్తే అది 18, 20 వాట్ల లైటు, డబ్బా ఏం చెప్పినా సరే. కొలిచాక మీటరు ఎర్ర వైరును మళ్లీ వోల్టుల రంధ్రంలోకి మార్చడం మర్చిపోవద్దు. అలాగే వదిలేసి తర్వాత బ్యాటరీ వోల్టేజి చూడబోతే మీటరు గుండా నేరుగా షార్ట్ అవుతుంది.

ఒక్కోటి 15 నుంచి 20 వాట్ల అసలు శక్తి ఉన్న జత రోడ్డుకు చాలు. అంతకన్నా ముఖ్యం లోపలి లెన్సు. వెలుగు పై అంచు గీత గీసినట్టు తెగే లైటు దొరికితే కాస్త ఎక్కువ పెట్టయినా అదే తీసుకోండి. ముందు ఒట్టి గాజు, వెనక నాలుగు చిప్పులు ఉండే రకం పొలాల్లో పనికి బాగుంటుంది కానీ రోడ్డు మీద సగం వెలుగు ఆకాశానికి, మిగతాది ఎదుటి డ్రైవరుకు పోతుంది. ఒకే లైటులో తెలుపు, పసుపు, ఎరుపు–నీలం ఫ్లాషరు కలిపి అమ్మే రకాన్ని ముట్టుకోవద్దు. ముందు వైపు ఎర్ర లైటు, వెనక వైపు తెల్ల లైటు చూపించకూడదన్నది మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. 2019 సవరణ తర్వాత బండిని చట్టానికి విరుద్ధంగా మారిస్తే సెక్షన్ 182ఎ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని రాసి ఉంది. ఫ్లాషరు వల్ల మీకు అదనంగా ఒక్క అడుగు రోడ్డు కూడా కనపడదు.

రంగు గురించి వాదనలు చాలా ఉన్నాయి. లంబసింగి, అరకు వైపు డిసెంబరు మంచులో పసుపు లైటు మంచును చీల్చుకుపోతుందని అంటారు. మంచు బిందువులు కాంతి తరంగాల కన్నా చాలా పెద్దవి కాబట్టి అన్ని రంగుల్నీ దాదాపు ఒకేలా చెదరగొడతాయి. పసుపుతో వచ్చే తేడా కంటికే: 3000 కెల్విన్ (వెలుగు రంగును చెప్పే అంకె, తక్కువైతే పసుపు, పెరిగితే నీలి తెలుపు) దగ్గరి వెలుగు తిరిగి కళ్లలో కొట్టినా, 6000 కెల్విన్ నీలి తెలుపు అంత చిరాకు పెట్టదు. మంచులో అసలు పని చేసేది లైటు కిందగా ఉండటం, పై అంచు తెగి ఉండటం. ఈ రెండూ ఉంటే మిగతాది మీ ఇష్టం. తడి తారు మీద మాత్రం నీలి తెలుపు చాలామందికి మసకగా అనిపిస్తుంది, వానాకాలంలో ఎక్కువ తిరిగేవాళ్లు పసుపో, 4300 దగ్గరి తెలుపో తీసుకోవడం మేలు.

హెడ్‌లైటులో హాలోజన్ బల్బు తీసి ఎల్‌ఈడీ బల్బు పెట్టేస్తే సరిపోదా అంటే, ఆ డోము లోపలి అద్దం ఫిలమెంటు ఉండే చోటును లెక్కగట్టి చేసింది. చిప్పు ఒకట్రెండు మిల్లీమీటర్లు జరిగినా డిప్ గీత చెరిగిపోతుంది. దగ్గర తెల్లగా మెరిసి దూరం నల్లబడుతుంది. ఎదుటివాళ్లు హై బీమ్ అనుకుని మీకు లైటు కొడుతూనే ఉంటారు.

బ్యాటరీ తట్టుకుంటుందా

20 వాట్ల లైట్లు రెండు అంటే 40 వాట్లు, బండి నడుస్తున్నప్పుడు ఉండే 13.5 వోల్టుల దగ్గర సుమారు 3 ఆంపియర్లు. 2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త బళ్లన్నిటికీ హెడ్‌లైటు ఎప్పుడూ వెలిగే ఉంటుంది కాబట్టి ఆ భారం ఎలాగూ ఉంది, దాని మీద ఇది అదనం.

బిగించేముందే చూసుకోవచ్చు. ఇంజను వేడెక్కాక, హెడ్‌లైటు హై బీమ్‌లో పెట్టి, 3000 ఆర్‌పీఎం దగ్గర బ్యాటరీ కొసల మధ్య వోల్టేజి చూడండి. 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే ఛార్జింగు ఆరోగ్యంగా ఉన్నట్టు. లైట్లను తాత్కాలికంగా తగిలించి మళ్లీ చూడండి. 13.2 పైన నిలబడితే ఇబ్బంది లేదు. 12.8 కిందికి జారితే ఆ బండి స్టేటరు (ఇంజనులో కరెంటు పుట్టించే కాయిలు) ఈ భారం మోయలేదన్నట్టే: లైట్లు బ్యాటరీని తింటున్నాయి. 3 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ ఉన్న చిన్న బళ్లలో ఇది తరచూ కనపడుతుంది, అక్కడ 10 వాట్ల జతతో సరిపెట్టుకోవాలి. ట్రాఫిక్‌లో ఐడిల్ మీద ఆగినప్పుడు వోల్టేజి కాస్త తగ్గడం మామూలే, అప్పుడు స్విచ్చి ఆపేయండి.

హెడ్‌లైటు ఏసీ మీద నడిచే పాత బళ్లు ఇంకా చాలా ఉన్నాయి. యాక్సిలరేటర్ ఇస్తే హెడ్‌లైటు పెరిగి, వదిలితే తగ్గితే అదే రకం. ఆ వైరుకు ఎల్‌ఈడీ తగిలిస్తే రెపరెపలాడుతుంది, కొన్నాళ్లకు లోపలి డ్రైవరు సర్క్యూటు పోతుంది. అలాంటి బళ్లలో బ్యాటరీ నుంచి వచ్చే డీసీ మాత్రమే వాడాలి.

వైరింగు

కావలసినవి: 12 వోల్టుల 30 ఆంపియర్ల రిలే (చిన్న కరెంటు ఇస్తే పెద్ద కరెంటును కలిపే స్విచ్చి), దాని సాకెట్టు, వాన నీరు తగలని మూత ఉన్న ఫ్యూజ్ హోల్డరు, 5 ఆంపియర్ల బ్లేడు ఫ్యూజులు మూడు (లేత గోధుమ రంగువి), 1 చదరపు మిల్లీమీటరు ఆటో వైరు ఎరుపు 4 మీటర్లు, నలుపు 4 మీటర్లు, ట్రిగ్గరుకు (రిలేను పని చేయించే చిన్న కరెంటుకు) 0.5 వైరు 2 మీటర్లు; హ్యాండిల్‌కు బిగించే స్విచ్చి; వాటర్‌ప్రూఫ్ రెండు పిన్నుల కనెక్టర్లు రెండు జతలు; థింబుల్సు (వైరు కొసకు నొక్కి బిగించే లోహపు ముక్కలు), హీట్ ష్రింక్ స్లీవు (వేడి తగిలితే బిగుసుకునే గొట్టం), వైరు దూర్చే ముడతల గొట్టం, కేబుల్ టైలు. లైట్లు కాకుండా ఇదంతా వెయ్యి రూపాయల లోపే అవుతుంది. హైదరాబాదులో పుత్లీబౌలి, విజయవాడలో ఆటోనగర్ వెళ్తే అన్నీ ఒకేచోట దొరుకుతాయి. వైరు కొనేటప్పుడు కొస చెక్కి చూడండి. రాగి రంగు పూత లోపల తెల్లగా కనపడితే అది అల్యూమినియం, వదిలేయండి.

వైరు మందం ఎందుకంటే, 1 చదరపు మిల్లీమీటరు రాగి వైరులో రానూపోనూ 4 మీటర్లకు 3 ఆంపియర్ల దగ్గర పోయేది 0.2 వోల్టు. లైటుతో పాటు వచ్చే సన్న వైరు 0.3 ఉంటుంది, అందులో ముప్పావు వోల్టు దాకా పోయి వైరే వెచ్చబడుతుంది.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ ఊడదీయండి, పాజిటివ్ తర్వాత. స్పానరు పాజిటివ్ మీద ఉండి ఫ్రేముకు తగిలితే నిప్పులు రాకుండా ఉండాలంటే ఇదే వరస. చివర్లో బిగించేటప్పుడు పాజిటివ్ ముందు.

రిలే కాళ్ల మీద నంబర్లు ఉంటాయి. బ్యాటరీ పాజిటివ్ నుంచి ఎర్ర వైరు ఫ్యూజ్ గుండా 30వ కాలికి. ఫ్యూజ్ బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి. దానికీ బ్యాటరీకీ మధ్య ఉన్న వైరుకు ఏ రక్షణా లేదు కాబట్టి అది ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. 87 నుంచి లైట్ల పాజిటివ్‌కు. 85 ఎర్తుకు. 86కు స్విచ్చి నుంచి వచ్చే ట్రిగ్గరు. ఈ కాయిలు తీసుకునేది 0.15 ఆంపియరే. కాబట్టి హ్యాండిల్ మీద స్విచ్చికి పని ఏమీ ఉండదు, ఏళ్ల తరబడి కాలకుండా ఉంటుంది. లోపల డయోడు ఉన్న రిలే అయితే 85, 86 తారుమారు కాకూడదు. పక్కనే బొమ్మ గీసి ఉంటుంది, చూసుకోండి.

అయిదు కాళ్ల రిలేతో ఒక చిక్కు. మధ్యలో ఉండే 87ఎ, రిలే ఆగి ఉన్నప్పుడు 30తో కలిసి ఉంటుంది. అంటే స్విచ్చి ఆపి ఉన్నంతసేపూ దాంట్లో కరెంటు ఉంటుంది. దాన్ని వాడకపోతే స్లీవు వేసి మూసేయాలి, లేదంటే సీటు కింద ఏ ఇనుముకో తగిలి ఫ్యూజ్ ఎగిరిపోతుంది. లైటు వైరు పొరపాటున దీనికి తగిలిస్తే స్విచ్చి ఆపినప్పుడు వెలిగి, వేస్తే ఆరిపోతుంది. రాత్రంతా వెలిగి తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ.

ట్రిగ్గరుకు కరెంటు ఎక్కడ్నుంచి? తాళం తిప్పితేనే రావాలి, తీస్తే పోవాలి. ముందు వైపు అందుబాటులో ఉండేది హారన్. తాళం ఆన్ చేసి, హారన్ నొక్కకుండా దాని రెండు కాళ్లకూ ఎర్తుకూ మధ్య వోల్టేజి చూడండి. రెండింటిలోనూ 12 వస్తే బటను ఎర్తు వైపు ఉందన్నమాట. ఇప్పుడు హారన్ నొక్కి చూస్తే ఒక కాలు సున్నాకు పడిపోతుంది, ఇంకోటి 12 దగ్గరే ఉంటుంది. పడిపోని కాలే మనకు కావలసింది. నొక్కకముందు ఏ కాలిలోనూ వోల్టేజి లేకపోతే ఆ బండిలో హారన్ పనికిరాదు, టెయిల్ లైటు పాజిటివ్ వైరు నుంచి తీసుకోవాలి. దూరం కొట్టే స్పాట్ లైట్లయితే ట్రిగ్గరు హై బీమ్ వైరు నుంచే తీసుకోండి. డిప్ చేయగానే అవి కూడా ఆరిపోతాయి, ఎదుటివాడితో తిట్లు తప్పుతాయి.

కంపెనీ వైరును కోయవద్దు. థింబుల్ మీద ఇంకో థింబుల్ ఎక్కే రెండు నాలుకల రకం దొరుకుతుంది, దాంతో పక్కకు తీసుకోవచ్చు. కోసిన వైరు కనపడితే ఎలక్ట్రికల్ భాగాలకు వారంటీ ఇవ్వబోమని సర్వీసు సెంటరువాళ్లు అనడానికి అవకాశం ఇచ్చినట్టే. ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం జారకుండా ఆపేది), ఈసీయూ (ఇంజను కంప్యూటరు) వైపు వెళ్లే సన్న రంగు వైర్ల జోలికి అసలు పోవద్దు.

ఎర్తు వైరును ఫ్రేము బోల్టుకు కట్టేయడం అందరూ చేసేదే. పెయింటు మీద కట్టిన ఎర్తు మొదటి వానాకాలం దాకా పని చేస్తుంది. రెండు మీటర్ల నల్ల వైరు ఎక్కువైనా నేరుగా బ్యాటరీ నెగటివ్‌కే తీసుకురండి.

అతుకులు మెలిపెట్టి టేపు చుట్టొద్దు. మే నెల ఎండకు ఆ టేపు జిగురు కారి ఊడొస్తుంది. టంకం వేసిన చోట వైరు గట్టిపడి, ఆ గట్టి భాగం ముగిసే చోట అదురుకు విరుగుతుంది. సరైన ప్లయరుతో నొక్కిన థింబుల్, పైన జిగురున్న హీట్ ష్రింక్, ఇదే నిలుస్తుంది. నొక్కాక గట్టిగా లాగి చూడండి. ఊడితే ఇప్పుడే ఊడాలి.

వైరును ట్యాంకు కింద కంపెనీ వైరింగు పక్కనే తీసుకెళ్లండి, ఇంజను హెడ్డుకూ సైలెన్సరు పైపుకూ మూడు వేళ్ల దూరం ఉంచి. హ్యాండిల్ తిరిగే మెడ దగ్గర వదులు ఉండాలి. రెండు పక్కలా పూర్తిగా తిప్పి, వైరు బిగుసుకుపోవడంగానీ నలగడంగానీ లేదని చూశాకే టైలు బిగించండి. రిలే సీటు కింద, కాళ్లు కిందికి ఉండేలా బిగిస్తే నీళ్లు లోపల నిలవవు.

బిగింపు

లెగ్ గార్డు కింది వంపు మంచి చోటు. గార్డు గొట్టం మందం కొలిచి సరైన క్లాంపు కొనండి. 22, 25, 28 మిల్లీమీటర్లవి దొరుకుతాయి. మధ్యలో పాత ట్యూబు ముక్క వేస్తే జారదు, అదురూ తగ్గుతుంది. లోపల నైలాన్ రింగు ఉన్న ఇనుప నట్లు వాడండి, మామూలు నట్లు మన స్పీడ్ బ్రేకర్లకు నిలవవు. అద్దాల కాడలకు బిగిస్తే లైటు ఎత్తులో ఉండి మంచు, దుమ్ము తెరలా కనపడతాయి.

పగటి పూట కూడా దీనివల్ల ఒక లాభం ఉంది. ఒంటి హెడ్‌లైటును చూసి అది ఎంత దూరంలో ఉందో, ఎంత వేగంగా వస్తోందో ఎదుటివాడు అంచనా కట్టడం కష్టం. కింద దూరదూరంగా రెండు, పైన ఒకటి కలిసి త్రికోణంలా కనపడితే, అది పెద్దదవుతున్న తీరును బట్టి వేగం తెలుస్తుంది. అందుకే రెండు లైట్లనూ గార్డు చివర్లకు జరపండి, మధ్యకు తేవద్దు.

గురి

టైర్లలో గాలి సరిగ్గా నింపి, చదునైన చోట గోడకు 7.5 మీటర్ల దూరంలో బండిని నిలబెట్టండి. స్టాండు మీద కాదు, మీరు ఎక్కి కూర్చుని, ఇంకొకరు సర్దుతూ ఉండాలి. నేల నుంచి లైటు మధ్యకు ఎత్తు కొలిచి గోడ మీద అదే ఎత్తులో టేపు అంటించండి. దానికి 15 సెంటీమీటర్ల కింద ఇంకో టేపు. వెలుగులో బాగా మెరిసే భాగం ఈ రెండో టేపు మీద పడాలి, పై అంచు మొదటి టేపు దాటకూడదు.

లెక్క ఇది. లైటు 60 సెంటీమీటర్ల ఎత్తులో ఉండి 7.5 మీటర్లకు 15 సెంటీమీటర్లు దిగితే, ఆ కిరణం నేలను 30 మీటర్ల దగ్గర తాకుతుంది. గంటకు 60 కిలోమీటర్లతో పోతుంటే సెకనుకు 16.7 మీటర్లు, చూసి బ్రేకు మీద కాలు పడేలోగా ఒకటిన్నర సెకను అనుకుంటే 25 మీటర్లు, ఆ తర్వాత పొడి రోడ్డు మీద బాగా బ్రేకు కొడితే ఇంకో 23. మొత్తం 48. అంటే ఈ కింది లైట్ల వెలుగును నమ్ముకుని 60లో పోవడం కుదరదు. దూరం చూపించాల్సింది హెడ్‌లైటే. ఇవి చూపించేది మార్జిను, గుంత, మలుపు లోపలి అంచు. శ్రీశైలం ఘాట్‌లాంటి చోట్ల ఇవే ఎక్కువ పనికొస్తాయి, హెయిర్‌పిన్ మలుపులో హెడ్‌లైటు నేరుగా లోయలోకి చూస్తుంటుంది కాబట్టి.

రెండు లైట్లనూ సమాంతరంగా కాకుండా బయటికి కొద్దిగా, గోడ మీద 20, 30 సెంటీమీటర్లు పక్కకు జరిగేలా తిప్పండి. కుడివైపు లైటును ఎక్కువ తిప్పితే ఎదురొచ్చే బండికి తగులుతుంది, దాన్ని తక్కువగా, ఎడమదాన్ని కాస్త ఎక్కువగా ఉంచండి.

తర్వాత వెనక మనిషిని ఎక్కించుకుని మళ్లీ చూడండి. వెనక సస్పెన్షన్ దిగి ముందు భాగం లేస్తుంది, 15 సెంటీమీటర్ల తేడా మొత్తం అక్కడే పోవచ్చు. రోజూ ఇద్దరు తిరిగే బండి అయితే ఇద్దరు కూర్చున్నప్పుడే గురి పెట్టాలి.

వెనక వైపు

వెనక నుంచి గుద్దించుకునే ప్రమాదం ఫాగ్ లైట్లతో తగ్గదు. రెండు ఫిలమెంట్ల 5/21 వాట్ల బ్రేకు బల్బు స్థానంలో ఎల్‌ఈడీ పెట్టాలనుకుంటే ఎర్ర ఎల్‌ఈడీనే తీసుకోండి. తెల్ల ఎల్‌ఈడీ వెలుగులో ఎరుపు పాలు తక్కువ, ఎర్ర ప్లాస్టిక్కు మిగతాదంతా ఆపేస్తుంది. కాబట్టి బయట చూసేసరికి పాత బల్బు కన్నా మసకగా ఉంటుంది. అయితే చాలా బళ్లలో నంబరు ప్లేటుకు వెలుగు అదే బల్బు నుంచి కింది తెల్ల కిటికీ గుండా పడుతుంది. ఎర్ర ఎల్‌ఈడీ పెడితే ప్లేటు ఎర్రగా కనపడుతుంది. అలాంటి చోట కింది వైపు రెండు తెల్ల చిప్పులున్న ఎర్ర బల్బు అడగండి, దొరక్కపోతే పాత బల్బునే ఉంచేయండి. బ్రేకు నొక్కితే టపటపా కొట్టుకునే మాడ్యూళ్లు వద్దు. నిలకడగా వెలిగే లైటే బ్రేకు అని వెనకవాడికి వెంటనే అర్థమవుతుంది.

ఇండికేటర్లు ఎల్‌ఈడీకి మారిస్తే గబగబా కొట్టుకుంటాయి. పాత ఫ్లాషరు (ఇండికేటర్లను వెలిగించి ఆర్పే చిన్న డబ్బా) 10 వాట్ల బల్బుల భారాన్ని చూసి వేగం నిర్ణయిస్తుంది, భారం తగ్గేసరికి బల్బు పోయిందనుకుంటుంది. రెసిస్టరు పెట్టి మోసం చేయొచ్చు కానీ అది కాలేంత వేడెక్కి పక్కన ప్లాస్టిక్కును కరిగిస్తుంది. వంద, రెండొందలకు ఎల్‌ఈడీ ఫ్లాషరు దొరుకుతుంది. పాతది రెండు కాళ్లదా మూడు కాళ్లదా చూసి అదే తీసుకోండి.

వీటన్నిటికన్నా చవకైనది ఎర్ర రిఫ్లెక్టివ్ టేపు. వెనక మడ్‌గార్డు మీద, సైడు బాక్సుల వెనక అంటించండి, పక్కలకు పసుపు. బ్యాటరీ చచ్చి చీకట్లో రోడ్డు పక్కన నిలబడ్డ బండిని చూపించేది అదొక్కటే. అంటించే ముందు పెట్రోలుతో కాకుండా సబ్బు నీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టండి, పెట్రోలు జిడ్డు మీద టేపు అంచులు లేస్తాయి.

లైట్లు బిగించిన మొదటి 200 కిలోమీటర్లకు అన్ని నట్లూ మరోసారి బిగించి, గోడ మీద గురి మళ్లీ చూసుకోండి. లైటు వెనక రెక్కల్లో ఎండిన బురదను పాత టూత్ బ్రష్షుతో తీసేస్తుండాలి. ఆ రెక్కలు మూసుకుపోతే వేడి బయటికి పోక చిప్పు మసకబారుతుంది. వాటర్ సర్వీసులో ప్రెషరు గన్ను లైటు అంచు రబ్బరు మీదికి నేరుగా పెట్టనివ్వద్దు. గాజు లోపల చెమ్మ పట్టి, వెలిగించిన పావుగంటకు పోతే పర్వాలేదు. నీటి చుక్కలు కింద చేరి కదులుతుంటే సీలు పోయినట్టే, ఆ లైటును విప్పి ఆరబెట్టి అంచు చుట్టూ సిలికాన్ వేయాలి.